ఆవిరి ఉండగానే

కొజాని
12 మే 1963

దొమ్నకు,

నీ కార్డు అందింది. నవంబరు చివర కాన్పు అని రాశావు. సంతోషం.

ఫిబ్రవరిలో నువ్వు రాసిన ఉత్తరానికి నేను జవాబివ్వలేదు. ఇప్పుడూ దాని గురించి రాయను. ఇక్కడ అంతా సరిగానే ఉంది. మంచు కరిగి కొండదారి రెండు మూడు చోట్ల కుంగింది. రోడ్ల శాఖలో ఇంజనీర్లం ఇద్దరమే మిగిలాం కనుక రోజూ నేనే వెళ్లి చూసి వస్తున్నాను. మధ్యాహ్నం ఆఫీసు ఎదుటి హోటల్లో తింటున్నాను. చిక్కుడుగింజలు సరిగా ఉడకనివ్వరు.

ఇక నీ సంగతి. నీకు ముప్పై ఆరేళ్లు. పోయిన ఏడాది ఒకటి నిలవలేదు. కనుక జాగ్రత్తగా చదువు.

పచ్చిపాలు తాగకు. మేకపాలైనా, గొర్రెపాలైనా పొంగు వచ్చాక మరి కాసేపు పొయ్యి మీద ఉంచాలి. ఆ పాలు కాచకుండా చేసిన తాజా చీజ్ ముట్టుకోకు. మేకల నుంచి వచ్చే మాల్టా జ్వరం కడుపులో బిడ్డను ఉండనివ్వదు. మాంసం లోపల ఎర్రగా ఉండకూడదు. కొండ మీద కోసిన ఆకుకూర నీళ్లు తేటపడేదాకా కడుగు. పచ్చి చేప, సముద్రపు ముళ్లకాయలు వద్దు. నిన్నటి వంటను బాగా వేడిచేయకుండా తినకు. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండు. మూత్రం రంగు చూసుకో. లేత గడ్డిరంగు దాటి ముదిరితే ఇంకా తాగాలి.

ఇవన్నీ నాకెలా తెలుసని అడగకు.

నికితాస్‌కు నా నమస్కారం చెప్పు.

మీ అన్న
ప్రొద్రొమొస్


సికినోస్
3 జూన్ 1963

అన్నయ్యకు,

గాలి ఎక్కువై స్టీమరు ఈసారి మా రేవులో ఆగకుండానే పోయింది. నీ ఉత్తరం పక్క దీవిదాకా వెళ్లి, మా ఆయన పడవలో ఉల్లిగడ్డల బస్తాల మధ్య తిరిగొచ్చింది. అందుకే ఆలస్యం.

నువ్వు ఉత్తరం రాసినందుకు ఏడ్చాను. ఏం రాశావో విన్నాక నవ్వలేక చచ్చాను. విన్నాక అని ఎందుకంటున్నానంటే, ఇక్కడ వచ్చిన ఉత్తరాన్ని ఎవరికి వాళ్లు మూల కూర్చుని చదువుకోరు. అందరూ బల్ల దగ్గర చేరాక విప్పుతారు. మా అత్తగారికి చదువు రాదు, నికితాస్ పైకి చదువుతాడు. సముద్రం దాటొచ్చిన మాట ఇంటిల్లిపాదిదీ అంటుందావిడ. వెళ్లే ఉత్తరం మాత్రం ఎవరూ అడగరులే, ధైర్యంగా రాస్తున్నాను.

ఆ పూట పూజారిగారు కూడా భోజనానికి ఉన్నారు. మూత్రం రంగు దగ్గరకొచ్చేసరికి నికితాస్ గొంతు సన్నబడింది.

"గట్టిగా చదవరా. అదీ దేవుడు చేసిందే" అంది అత్తగారు. పూజారిగారు రొట్టె మీద దృష్టి పెట్టారు.

కానీ పాల మాట విన్నాక ఆవిడ చెంచా కింద పెట్టేసింది. "మా మేకలకేం రోగం?"

"రోగమని రాయలేదమ్మా. కాచి తాగమన్నాడు."

"నిన్ను నేను కాచిన పాలతో పెంచానా? గుమ్మంలో పట్టనంత దుంగలా తయారయ్యావు కదరా!"

అక్కడితో ఆగింది. ఆవిడ మనసు మంచిదన్నయ్యా. నోరే ముందు నడుస్తుంది.

నాకు వచ్చిన చిక్కు వేరే ఉంది. ఇక్కడ కడుపుతో ఉన్నదాని ముక్కుకు ఏ ఇంటి వంట వాసన తగిలినా ఆ ఇంటివాళ్లు ఓ ముద్ద తెచ్చి రుచి చూపించాలి. చూపించకపోతే కడుపు నిలవదని వీళ్ల భయం. మా సందు ఎంత ఇరుకంటే చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయి. ఎవరింట్లో మూత తీసినా నాకు తెలుస్తుంది, నాకు తెలిసిందని వాళ్లకూ తెలుస్తుంది. ఎదురింటి కలొమిరా అప్పుడే విరిచిన చీజ్ అత్తి ఆకులో పెట్టి తెస్తుంది. ముసలి యాకొమీస్ రేవు రాళ్ల నుంచి ఊడదీసిన ముళ్లకాయలు నా గుమ్మంలోనే పగలగొట్టి, లోపలి పచ్చి కండ నేను మింగేదాకా కదలడు.

వద్దనలేకపోతున్నాను. పోయినసారి తను వేయించిన చేప నాకు పంపడం మరిచింది కలొమిరా. అందుకే అలా జరిగిందని ఏడాదిగా కుమిలిపోతోంది. ఆమె ఆకు పట్టుకుని నిలబడితే వద్దని ఎలా చెప్పను? నువ్వే చెప్పు. నువ్వు రోడ్లు వేసేవాడివి, దారి చూపించు.

నువ్వేం తింటున్నావో సరిగ్గా రాయి. హోటలు చిక్కుడుగింజలు కాక.

నీ చెల్లెలు
దొమ్న


కొజాని
20 జూన్ 1963

దొమ్నకు, నికితాస్‌కు, అత్తయ్యగారికి,

అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ వర్షాలు బాగున్నాయి. చెర్రీలు ఈ ఏడు విరగకాశాయి, కోసేవాళ్లు లేరు. పక్కింటి సుల్తానా గారిని కోసుకోమన్నాను. లోపల మడిచిన కాగితం దొమ్నకు మాత్రమే.

ప్రొద్రొమొస్

(లోపలి కాగితం)

దొమ్నా, ఇది ఒక్కదానివే చదువుకో. పచ్చిపాలు వద్దు. తాజా చీజ్ వద్దు. ముళ్లకాయలు వద్దు. మొహమాటం వేరు, జ్వరం వేరు. ఎదురింటామె బాధపడితే నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. వాళ్ల ఆచారం వాళ్లు పాటించనీ, ముద్ద తీసుకుని మేకకు పెట్టు. మీ అత్తగారికి తెలియనక్కర్లేదు.

ప్రొ.


సికినోస్
14 జూలై 1963

అన్నయ్యా,

ఎంత పని చేశావు!

ఉత్తరంలో ఉత్తరం మడిచి పంపితే ఈ దీవిలో దానికి అర్థం ఒక్కటే. ఓడల మీద పనికెళ్లి చనిపోయినవాళ్ల కబురు అలాగే వస్తుంది. పైకాగితం ఇంటికి, లోపలిది పెళ్లానికో తల్లికో. నికితాస్ కవరు విప్పగానే లోపలి మడత బల్ల మీద పడింది. చదవడం ఆపేశాడు. అత్తగారు లేచి, చావింట్లో చేసినట్టు అద్దాన్ని గోడవైపు తిప్పింది. పొయ్యి మీద కుండ దించి నిప్పు ఆర్పింది. తర్వాత నన్ను పట్టుకుంది.

"ఎవరే? ఎవరు పోయారే?"

"మా అన్నయ్యకు ఎవరూ లేరత్తా. వదిన ఫిబ్రవరిలోనే పోయింది."

"ఎవరూ లేకపోతే మరి కాగితం ఎవరిదే? రాసింది అతనేగా? రాసినవాడు పోడు గదా!"

ఆవిడ గొంతు విని కలొమిరా పరిగెత్తుకొచ్చింది. ఎవరి కోసమో తెలియకుండానే ఏడుపు మొదలెట్టింది. ఆమె వెనక సందు సందంతా వచ్చింది. నేను మడత తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. నికితాస్ లాక్కుని విప్పి, అందరి ముందూ పైకి చదివాడు. "పచ్చిపాలు వద్దు. తాజా చీజ్ వద్దు."

 యాకొమీస్ టోపీ తీసి చేతిలో పట్టుకుని అడిగాడు: "అయితే పోయింది మేకా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నికితాస్ ఆపకుండా చివరిదాకా చదివేశాడు, ఎదురింటామెకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుందన్నదీ, అత్తగారికి తెలియనక్కర్లేదన్నదీ. కలొమిరా ముక్కు తుడుచుకుని వెళ్లిపోయింది. అత్తగారు అద్దం మళ్లీ ఇటు తిప్పి, పొయ్యి అంటించి, "నా బల్ల దగ్గర నాకు పనికిరాని మాట" అంది. అంతే. మూడు పదాలు ఎక్కువ మాట్లాడినా బాగుండేది.

ఇప్పుడు సందులో నాకు ఎవరూ ఏమీ పంపరు. నీ కోరిక తీరింది. పాలు కూడా కాస్తున్నారు. అడుగంటి నల్లబడేదాకా కాచి, గ్లాసు నా ముందు పెట్టి, పక్కకు తిరిగి నిలబడుతుందావిడ. మాడు వాసన కొడుతుంది. తాగుతున్నాను.

నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది.

దొమ్న


కొజాని
29 జూలై 1963

దొమ్నకు, నికితాస్‌కు, అత్తయ్యగారికి,

జరిగింది తెలిసింది. మీ వాడుక నాకు తెలియదు. బాధపెట్టినందుకు మన్నించండి. కలొమిరా గారికి కూడా నా మాటగా చెప్పండి.

పాలు పొంగాక కాసేపు చాలు. మాడనక్కర్లేదు.

ఎండలు ముదిరాయి. అక్కడ చెట్టు నీడ తక్కువని విన్నాను. దొమ్న ఎంత నీళ్లు తాగుతోందో రాయలేదు. రాయాలి. కాళ్లు వాస్తున్నాయా, తల తిరుగుతోందా, అదీ రాయాలి.

ఇక్కడ విశేషం లేదు. కుంగిన దారికి రాతిగోడ లేస్తోంది.

ప్రొద్రొమొస్


సికినోస్
19 ఆగస్టు 1963

అన్నయ్యకు,

నీ క్షమాపణ బల్ల దగ్గర చదివారు. రోడ్ల శాఖ వాళ్లు పొలం తీసుకుంటున్నట్టు నోటీసు ఇచ్చినా ఇంతకంటే తీపిగా ఉంటుందని నికితాస్ అన్నాడు. అత్తగారు విని మేకల దగ్గరకు వెళ్లిపోయింది. కలొమిరాకు నేను చెప్పాను, ఆమె తలూపింది. వాకిట్లో కనిపిస్తే పలకరిస్తుంది కానీ చేతులు ఖాళీగా ఉంటాయి. బిడ్డకేదైనా అయితే ఈసారి తప్పు ఎవరిదో అని ఆలోచిస్తూ ఉంటుందనుకుంటాను. నేనూ అదే ఆలోచిస్తున్నాను.

నీళ్ల సంగతి అడిగావు. ఇక్కడ బావి నీళ్లు ఉప్పన. చలికాలంలో కప్పు మీద పడ్డ వాన ఇంటి కింద నేలతొట్టిలోకి దిగుతుంది, అదే ఏడాదంతా తాగాలి. ఇప్పుడు చేద వేస్తే నీళ్ల చప్పుడు రాదు, రాతి చప్పుడు వస్తుంది. తొట్టి మూత అత్తగారి గది గుమ్మం ముందుంది. చేద దించితే గిలక కీచుమంటుంది, ఆవిడ తలెత్తి చూస్తుంది. ఇదివరకు నేనూ చూసి నవ్వేదాన్ని. ఆ కాగితం తర్వాత నవ్వలేకపోతున్నాను. అందుకని పొద్దున ఒకసారి చేదుకుంటాను, దాంతో సరిపెట్టుకుంటున్నాను. ఆవిడ వయసులో ఉన్నవాళ్ల నీళ్లు నేనెందుకు తాగాలి? ద్రాక్షపళ్లు తింటున్నాను, వాటిలోనూ నీళ్లే గదా.

కాళ్లు వాయలేదు. తల కాస్త తిరుగుతోంది. ఎండ వల్ల. నడుం నొప్పి కూడా ఉంది, అది అందరికీ ఉండేదేనట. బిడ్డ బాగా కదులుతోంది.

వదిన ఆరో నెల స్మరణ ఈ వారమే కదా. చర్చిలో పంచే తీపి గోధుమలు ఎవరు చేస్తున్నారు? ఇక్కడ చర్చిలో నేను దీపం పెడతాను.

దొమ్న


కొజాని
31 ఆగస్టు 1963

దొమ్నకు,

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. ద్రాక్షపళ్లు నీళ్లు కావు. ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే ఒక గ్లాసు తాగు. గంటకోసారి తాగు. తల తిరగడం ఎండ వల్ల కాదు. నడుం నొప్పి ఒక పక్కకే ఉంటే, మూత్రంలో మంట ఉంటే, చలి వేస్తే, ఆ రోజే పడవెక్కి డాక్టరు దగ్గరకు వెళ్లు. చీజ్ ఎప్పుడెప్పుడు తిన్నావో కూడా ఆయనకు చెప్పు. మాల్టా జ్వరం నెలల తర్వాత కూడా బయటపడుతుంది.

ఇది బల్ల దగ్గర చదువుతారని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ ఇంట్లో నిన్ను నీళ్లు తాగనిస్తున్నారా లేదా?

గోధుమలు నేనే చేశాను. ఉడికించాక బట్ట మీద పరిచి ఆరబెట్టాలని తెలియదు. తడిగానే గిన్నెలో పెట్టి మూతపెట్టాను. పొద్దునకు పులిసిపోయాయి. సుల్తానా గారు మూత తీసి, "ఏంటిది ప్రొద్రొమొస్ గారూ, జనానికి పెడదామనే? ఒక స్మరణకు వచ్చి ఇంకో స్మరణ పెట్టించుకుంటారు" అన్నారు. పారబోయించి, మళ్లీ ఉడికించి, దగ్గరుండి ఆరబెట్టించారు. చర్చికి ఆలస్యంగా చేరాం. పూజారి ఆగారు.

వెంటనే జవాబు రాయి. రాయలేకపోతే నికితాస్ చేత టెలిగ్రాం ఇప్పించు.

ప్రొద్రొమొస్


సికినోస్
15 సెప్టెంబరు 1963

అన్నయ్యకు,

ముందు ఇది: బిడ్డ కడుపులోనే ఉంది, బతికే ఉంది. నేనూ ఉన్నాను. నికితాస్ టెలిగ్రాం చూసి నువ్వేమనుకున్నావో తెలియదు, కనుక మొదటి నుంచి రాస్తాను.

నెల మొదట్లో చలిజ్వరం వచ్చింది. కుడిపక్క నడుం పట్టేసింది. సాయంత్రానికి కడుపు గట్టిపడటం మొదలైంది, వదులవుతోంది, మళ్లీ పడుతోంది. ఆరున్నర నెలలు. అత్తగారు నా పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "పడవ తియ్యరా" అంది. వేరే మాట లేదు. గాలి ఎదురుగా ఉంది. ఆవిడా ఎక్కింది, డెబ్బై ఏళ్లమనిషి. దారంతా నా తల ఒళ్లో పెట్టుకుని, కనిపించిన ప్రతి గుట్ట మీది చర్చికీ మొక్కుకుంటూ, మధ్యలో కొడుకుని తిడుతూ. "అల చూసి నడపరా గాడిదా, లోపల ఇద్దరున్నారు."

డాక్టరు కుర్రాడు. నువ్వు భయపెట్టావు కనుక మాల్టా జ్వరమేనేమో అడిగాను. రక్తం తీసి పరీక్షకు పిరెయస్ ఆసుపత్రికి పంపాడు. కానీ నాలుక చూసి, చర్మం గిల్లి చూసి, "చివరిసారి నీళ్లెప్పుడు తాగారు?" అన్నాడు. నాకు గుర్తు రాలేదు. మూత్రంలో చీము ఉందట. నీళ్లు చాలక లోపల కడిగేది లేక పట్టుకుందట. కడుపు గట్టిపడటానికి కూడా ఎండిపోవడం ఒక కారణమట. సూదితో నీళ్లెక్కించాడు. గంటలు గడిచాక కడుపు మెత్తబడింది. మాత్రలిచ్చాడు. వారం అక్కడే ఉంచాడు. రక్తం సంగతి నిన్న తెలిసింది: మాల్టా జ్వరం లేదు.

కాబట్టి చీజ్ నన్నేమీ చేయలేదు అన్నయ్యా. ఈసారికి.

ఇంటికొచ్చాక నీ ఉత్తరం ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, బల్ల మంచం దగ్గరకు జరిపి నికితాస్ చదివాడు. ఒకచోట తడబడి ముందుకు పోయాడు.

"ఏదో మింగేశావు" అంది అత్తగారు.

"ఏం లేదమ్మా."

"నాకు చదువు రాదు గానీ చెవులున్నాయి. కక్కు."

చదివాడు. తాగనిస్తున్నారా లేదా అన్నది. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఆవిడ లాగేసింది.

"నువ్వు చెప్పు కోడలా. నేను అడ్డుపడ్డానా?"

"లేదత్తా. గిలక చప్పుడైతే మీరు చూస్తారని..."

"చూస్తాను. మూత తీసి వదిలేసి పడతావేమోనని చూస్తాను! పొట్ట ముందుకొచ్చాక నీ కాళ్లు నీకు కనబడుతున్నాయా?"

"నీళ్లు అడుగంటాయని, మీకు ఉండాలని..."

"నాకా? నేను జూలై నుంచి ఉప్పుబావి నీళ్లు తాగుతున్నానే! తొట్టిలోవి నీకనీ, పురిటికనీ వదిలాను. మేకల్ని కూడా బావికే తోలుతున్నాను. ఎవరు తాగుతున్నారనుకున్నావు, తొట్టిలో దయ్యమా?"

ఇద్దరం తాగని నీళ్లు తొట్టి అడుగున అలాగే ఉన్నాయి. నికితాస్ చేద వేసి తోడుకొచ్చాడు. నేనూ ఆవిడా చెరో గ్లాసూ పట్టుకున్నాం. ఆవిడ కళ్లు తుడుచుకుని, మూతి తుడుచుకున్నట్టు నటించింది.

కానీ నీ ప్రశ్న ఆవిడకు గుచ్చుకుంది. "అతని పెళ్లాం ఏం తిని చచ్చిపోయింది, ఇంత భయపడుతున్నాడు?" అని నన్ను అడిగింది. నాకు తెలియదని చెప్పాను. నిజంగానే, గుండె అని తప్ప నువ్వు నాకేం రాశావు?

ఇంకా పది వారాలు ఉన్నాయి. జ్వరం మళ్లీ రావచ్చని డాక్టరన్నాడు. నాకు భయంగా ఉంది. సందులో ఎవరూ ఇటు తొంగిచూడటం లేదు.

దొమ్న


కొజాని
24 సెప్టెంబరు 1963

అత్తయ్యగారికి,

ఇది మీకే రాస్తున్నాను. బల్ల దగ్గర అందరూ ఉండగా చదివించండి. కలొమిరా గారినీ, యాకొమీస్ గారినీ పిలవండి. లోపల వేరే కాగితం లేదు.

నా భార్య పేరు పొలిక్సేని. ఏదీ తినడం వల్ల పోలేదు. గుండె ఆగింది. పొద్దున కాఫీ కలుపుతోంది. నేను పక్కగదిలో గడ్డం గీసుకుంటున్నాను.

ఆమె ఇక్కడి కాన్పుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు నర్సుగా చేసింది. మాకు పిల్లలు లేరు. కొండ ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు పాలు, చీజ్, నీళ్ల సంగతి రోజూ చెప్పేది. రాత్రి భోజనం దగ్గర ఎవరికేం చెప్పిందో నాకు చెప్పేది. సగం వినేవాణ్ణి. దొమ్న కార్డు వచ్చినప్పుడు, ఆమె ఉంటే ఏం రాసేదో అదే రాయాలని కూర్చున్నాను. విన్న సగమే రాశాను. మిగతా సగం ఎలా చెప్పాలన్నది. ఆమె ఎవరింటి పాలనూ తప్పుపట్టగా నేను చూడలేదు. వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని, మాట్లాడుతూ, తనే కుండ పొయ్యి మీద పెట్టేది.

నేను ఒక ప్రశ్న అడిగాను. అడగకూడనిది. మీరు ఉప్పునీళ్లు తాగారని తెలిసింది.

ఇప్పుడు ఒకటి కోరుతున్నాను. మీ సందులో రుచి చూపించే పద్ధతి ఎలా నడుస్తుందో నాకు తెలియదు, మీకు తెలుసు. అది ఆగిపోకూడదని దొమ్న ఉత్తరాల వల్ల అర్థమైంది. ఆమె ఒంటరిదైపోయింది. పచ్చిది లోపలికి పోకూడదు, నీళ్లు తగ్గకూడదు. ఈ రెంటికీ ఆ పద్ధతిలోనే చోటు ఎలా చేయాలో మీరు చూడండి. నేను ఇంక ఏమీ చెప్పను.

నన్ను మీ కొడుకు వరస అనుకోండి.

ప్రొద్రొమొస్


సికినోస్
22 అక్టోబరు 1963

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివిన పూట మా ఇంట్లో కుర్చీలు చాలలేదు. నికితాస్ రెండుసార్లు చదివాడు, అత్తగారు రెండోసారి అడిగింది. గడ్డం గీసుకోవడం దగ్గర యాకొమీస్ లేచి వాకిట్లోకి వెళ్లాడు. కలొమిరా నా చెయ్యి పట్టుకుంది. అత్తగారు బల్ల మీద గోరుతో గీతలు గీస్తూ, "కాఫీ ఎవరు దించారు?" అంది. 

ఆదివారం చర్చి నుంచి వస్తూ సందు మొదట్లో నిలబడి అందరినీ ఆపింది.

"వినండి. వాసన ఎక్కడుంటుంది? ఆవిరిలో. ఆవిరి పోయాక తెచ్చిన ముద్దలో వాసన ఉండదు, అది తిన్నా బిడ్డ కోరిక తీరదు. మా అమ్మ ఇదే చెప్పేది, మనం బద్ధకించి చల్లార్చి తెస్తున్నాం. ఇకనుంచి నా కోడలికి తెచ్చేది పొగలు కక్కుతూ రావాలి. నా గడప దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. కాలకపోతే వెనక్కి పంపుతాను."

వాళ్లమ్మ అలా ఎప్పుడూ చెప్పలేదట. నికితాస్ నా చెవిలో చెప్పాడు.

"మరి నా ముళ్లకాయలు?" అన్నాడు యాకొమీస్.

"వాటికి వాసనెక్కడిది? వాసన నీదే."

"చీజో?" అంది కలొమిరా, భయంభయంగా.

"పెనం మీద వేసి, కరిగి బుడగలొచ్చాక తీసుకురా. వేడిమీద పరిగెత్తు. నీకూ కాస్త ఒళ్లు తగ్గుతుంది."

నీళ్లకు ఇంకో చట్టం చేసింది. రుచి తెచ్చినవాళ్లు నాతోపాటు ఒక నిండు గ్లాసు తాగందే గడప దాటకూడదు. వచ్చినవాళ్లను మంచినీళ్లివ్వకుండా పంపడం ఎలాగూ ఇక్కడ లేదు. కాబట్టి సందులో ఎన్ని పొయ్యిలు వెలిగితే నాకు అన్ని గ్లాసులు. రోజంతా అటూ ఇటూ తిరగడమే సరిపోతోంది, ఎందుకో నువ్వే మొదటి ఉత్తరంలో రాశావు. రంగు లేత గడ్డిలాగే ఉంది. అత్తగారు అడిగి మరీ తెలుసుకుంటుంది, సందులో వాళ్లకు కూడా చెబుతుంది.

పోయిన వారం తొలివాన పడింది. ముందు కురిసినదాన్ని తొట్టిలోకి వదల్లేదు, కప్పు మీది దుమ్మూ పిట్టల రెట్టా కొట్టుకుపోయేదాకా కాలువకు మళ్లించారు. తర్వాత తొట్టి గొట్టంలో కుక్కిన గుడ్డ పీకేసి వదిలారు. రాత్రంతా ఇంటి కింద నీళ్లు దిగే చప్పుడు.

జ్వరం మళ్లీ రాలేదు. నవంబరు మధ్యలో నన్ను డాక్టరున్న దీవికి తీసుకెళ్తారు, గాలుల్ని నమ్మలేక. అత్తగారు కూడా వస్తుంది, మేకల్ని కలొమిరాకు అప్పజెప్పి.

దొమ్న


డాక్టరు గారి దీవి నుంచి
29 నవంబరు 1963

అన్నయ్యకు,

ఆడపిల్ల. మంగళవారం మధ్యాహ్నం. మూడు కిలోలకు కాస్త తక్కువ. గొంతు మాత్రం వాళ్ల నాయనమ్మది. నాకు కుట్లు పడ్డాయి, బాగానే ఉన్నాను. పాలు పడ్డాయి. పాలిచ్చేటప్పుడు కూడా నీళ్లు తాగాలని డాక్టరు చెప్పకముందే అత్తగారు గ్లాసు పట్టుకుని నిలబడింది.

పిల్లకు బాప్తిస్మం దాకా పేరుండదు, పాపాయే. తొలి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు పెట్టాలి, నీకూ తెలుసు. మరూసో. అత్తగారు తన ఈ పేరు కోసం నికితాస్‌కు పెళ్లయిన రోజు నుంచి ఎదురుచూస్తోంది. నిన్న పాపాయిని ఒళ్లో వేసుకుని, నా వైపు చూడకుండా అంది:

"మీ అన్నకు రాయి. నా పేరు ఇంకో పిల్లకు పెడుదురు గానీ. దీనికి పొలిక్సేని అని పెడదాం. ఇది బతికింది ఆవిడ చెప్పిన మాటల వల్లే."

 ఇక్కడ ఎవరూ అలా పేరు వదులుకోరు. నేను చాలాసేపు ఏడ్చాను. నీకు ఇష్టమే కదూ? బాప్తిస్మం ఈస్టరు తర్వాత. జ్ఞానపితగా, అంటే దేవుడి ముందు పిల్లకు తండ్రిలా నిలబడి, నువ్వే పేరు పలకాలి. వస్తానని రాయి.

దొమ్న


కొజాని
8 డిసెంబరు 1963

దొమ్నకు, నికితాస్‌కు, అత్తయ్యగారికి,

పాపాయి పుట్టిన వార్త చదివాను. సుల్తానా గారికి కూడా చదివి వినిపించాను. ఇక్కడ మంచు పడుతోంది. దారికి కట్టిన గోడ నిలిచింది.

అత్తయ్యగారూ, మీరు ఇవ్వాలనుకున్నది ఎంత పెద్దదో నాకు తెలుసు. తీసుకోలేను. పొలిక్సేని మీ దీవి చూడలేదు, ఆ పాపాయినీ చూడలేదు. పడవలో దొమ్న తలను ఒళ్లో పెట్టుకున్నది మీరు. ఉప్పునీళ్లు తాగింది మీరు. పాపాయికి మీ పేరే పెట్టండి.

ఇంకో కారణం కూడా ఉంది. పేరు పలకమన్నారు. ఆ పేరు ఇంట్లో పైకి పలికి పది నెలలవుతోంది. ఆ పేరు పిలవగానే ఎవరైనా పలుకుతూ వస్తే, అది చిన్నపిల్ల అయినా సరే, నేను ఇంకా తట్టుకోలేను.

మరూసో అని మాత్రం గట్టిగానే పలకగలను. ఈస్టరు తర్వాతకు సెలవు పెట్టాను. స్టీమరు మీ రేవులో ఆగకపోతే నికితాస్‌ను పక్క దీవికి పడవ తెమ్మనండి.

మీ
ప్రొద్రొమొస్